బండ లాగే ఎద్దు: జంతు సంక్షేమ చట్టం, ఒంగోలు జాతి పోషకుల అభ్యంతరాలు

గత భాగంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట వ్యవసాయం ఇరవయ్యో శతాబ్దంలో ఎలా మారిందో చదివారు. జొన్న తగ్గి పత్తి, మిరప, పొగాకు పెరగడం, నాగార్జునసాగర్ కాలువలు, ఎరువులు, అప్పులు, ఇవన్నీ అక్కడ చర్చించాం. ఆ నేలను దున్నిన ఎద్దు సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలని ఇక్కడికి అట్టిపెట్టాం. జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే చట్టానికీ, ఒంగోలు ఎద్దులను పోషించే రైతులకూ మధ్య ఇటీవలి దశాబ్దాల్లో నడిచిన వివాదం ఈ పాఠం విషయం. దీనిని కేవలం కోర్టు వ్యవహారంగా చదివితే సగమే అర్థమవుతుంది. వ్యవసాయ చరిత్రతో కలిపి చదవండి.

ఈ ప్రాంతం వారికి బండలాగుడు పోటీ గురించి వివరించనక్కరలేదు. ఇతర జిల్లాల విద్యార్థుల కోసం క్లుప్తంగా చెబుతాను. సంక్రాంతికో, శివరాత్రికో, శ్రీరామనవమికో, ఊరి తిరునాళ్ళకో ఒక బరి సిద్ధం చేస్తారు. కాడికి కట్టిన ఎద్దుల జత ఒక పెద్ద రాతి బండను గొలుసుతో ఈడుస్తుంది. నిర్ణీత నిమిషాల్లో ఎక్కువ దూరం లాగిన జతకు బహుమతి. పాల పళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అంటూ వయసును బట్టి విభాగాలుంటాయి. ఆపైన జూనియర్లు, సీనియర్లు. విభాగం మారితే బండ బరువు మారుతుంది. ఎద్దు వయసును పంటితో లెక్కించే రైతు జ్ఞానమే ఈ పోటీ నిబంధనగా మారిందని గమనించండి.

ఆ జ్ఞానం ఊరికే పుట్టలేదు. తడిస్తే జిగట, ఎండితే రాయి అయ్యే నల్లరేగడిలో లోతు దుక్కి దున్నాలంటే బరువైన, ఓపిక గల ఎద్దులు కావాలి. ఎదిగిన ఒంగోలు ఎద్దు ఐదు వందల కిలోలు దాటి తూగుతుంది. మంచి జత ఉన్న రైతు పొలం అదనుకు దున్నుకునేవాడు, బండి కట్టి సరుకు సంతకు చేర్చేవాడు, పిల్లకు సంబంధం వెతికేవాళ్ళు కూడా ముందు కొట్టంలోకి తొంగిచూసేవారు. జొన్న చొప్ప, పిల్లిపెసర, ఉలవలు అదే పొలంలో పండేవి. పోటీలో గెలిచిన జత మరునాడు మళ్ళీ గొర్రుకో గుంటకకో వెళ్ళేది. అప్పట్లో బండ లాగడం పనికి పరీక్ష.

ఇక చట్టం వైపు చూద్దాం. జంతువులపై క్రూరత్వాన్ని శిక్షించే ఆధునిక చట్టాలకు ఇంగ్లండులో 1822లో పశువులు, గుర్రాల రక్షణకు వచ్చిన మార్టిన్ చట్టం తొలి మెట్టు. మన దేశంలో 1890 చట్టం ప్రధానంగా వీధిలో కళ్ళబడే క్రూరత్వాన్ని పట్టించుకుంది: అధిక బరువు, దెబ్బలు, పాల కోసం చేసే ‘ఫూకా’ వంటివి. స్వాతంత్ర్యం తరువాత రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ ఒక ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే సమగ్ర చట్టం తెస్తుందన్న హామీపై దానిని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960 చట్టంగా రూపొందింది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ 1960 చట్టాన్ని రైతులు వ్యతిరేకించలేదు. ఎందుకు? చట్టం వారి రోజువారీ పనుల జోలికి రాలేదు. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, ముకుతాడు వేయడం, వాతలు పెట్టడం వంటివాటిని నిర్ణీత పద్ధతిలో చేస్తే నేరం కాదని 11వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. 1965లో బరువులాగే జంతువుల నియమాలు వచ్చాయి. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి కట్టకూడదు. ముల్లుకర్ర వాడకూడదు. పల్నాటి ఎండలు ఎరిగినవారికి ఆ 37 డిగ్రీల నియమం ఎంత దూరపు మాటో తెలుస్తుంది. పాటించనూ లేదు, ఎదిరించనూ లేదు. అమలు కాని నియమానికి ప్రతిఘటన పుట్టదు.

ప్రతిఘటన పుట్టింది ఎద్దుకు పని పోయాక. ట్రాక్టరు రోజుల పనిని గంటల్లో ముగించింది. పత్తి, మిరప విస్తరించిన కొద్దీ మేత కరువైంది. పత్తి కట్టె, మిరప కట్టె పొయ్యిలోకే గాని పశువు నోటికి పనికిరావు. పాడికి ముర్రా గేదె వచ్చి ఆవును వెనక్కి నెట్టింది. ఇక లక్షలు పెట్టి జతను కొని, ఉలవలు, పత్తిగింజలు పెట్టి మేపడానికి మిగిలిన కారణాల్లో పోటీయే ప్రధానమైంది. చట్టం దృష్టిలో దీని ఫలితం చాలా పెద్దది. పొలంలో ఉన్నంత కాలం ఎద్దు బరువులాగే జంతువు. బరిలోకి మాత్రమే వచ్చే ఎద్దు ప్రదర్శన జంతువు. 1960 చట్టంలో ప్రదర్శన జంతువులకు వేరే అధ్యాయమే ఉంది. ఎద్దు అదే, కాడి అదే, కాని అది ఒక అధ్యాయం నుంచి మరో అధ్యాయంలోకి నడిచింది. ఈ వివాదానికంతటికీ మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

2011 జూలై 11న కేంద్ర పర్యావరణ శాఖ 22వ సెక్షన్ కింద ప్రదర్శనకు నిషేధించిన జంతువుల జాబితాలో ఎద్దును చేర్చింది. అప్పటిదాకా అందులో ఉన్నవి ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం. 2014 మే 7న జంతు సంక్షేమ మండలి, నాగరాజ కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రకటనను సమర్థించింది. తమిళనాడు జల్లికట్టు, మహారాష్ట్ర ఎడ్లబండ్ల పందేల గురించి వచ్చిన ఆ కేసులో, దేశంలో మరెక్కడా కూడా ఎద్దులను ప్రదర్శన జంతువులుగా వాడరాదని చెప్పడంతో గుంటూరు, ప్రకాశం బరులు కూడా ఆ నీడలోకి వచ్చాయి. ఎద్దు శరీరం పీపా వంటిదనీ, గుర్రంలా పరుగుకు తగినది కాదనీ కోర్టు వివరించింది.

దీనికి పోషకుల వైపు నుంచి వచ్చిన జవాబు చూడండి. మాది పరుగు కాదు, లాగుడు. ఎద్దు లాగడానికే పుట్టిందని మీరే అంటున్నారు కదా అని వారు అడిగారు. తర్కంగా ఇది బలమైనదే. 1965 నియమాల్లోని బరువుల పట్టిక చక్రాల బండ్లకూ, వీపున మోసే మూటలకూ సంబంధించినది; చక్రం లేని బండకు అందులో గడి లేదు. కాని 11వ సెక్షన్ కొట్టడాన్నీ, శక్తికి మించి లాగించడాన్నీ ఎక్కడ జరిగినా నేరమే అంటుంది. బరి పక్కన నిలబడి చూసినవారికి చెర్నాకోల శబ్దం వినబడకుండా ఉండదు. లాగడం ఎద్దు స్వభావమే కావచ్చు, గడియారంతో పోటీపడి లాగడం మాత్రం మనిషి నేర్పినదే.

రెండో అభ్యంతరం గుర్రాల గురించి. హైదరాబాదులో, మద్రాసులో రేసు గుర్రాలు పరుగెత్తుతూనే ఉన్నాయి, కొరడా దెబ్బలు తింటూనే ఉన్నాయి, మరి నిషేధ జాబితాలో గుర్రం ఎందుకు లేదు? గుర్రపు పందెం నైపుణ్యంతో కూడినదని సుప్రీంకోర్టు 1996లో లక్ష్మణన్ కేసులో చెప్పింది. అది జూదం గురించిన తీర్పు, జంతువు బాధ గురించినది కాదు. అయినా క్లబ్బుల పందేనికి గౌరవం, ఊరి పందేనికి పోలీసు అనే భావన బలపడింది. ఈ వాదం కొత్తదేమీ కాదు. 1800లో బ్రిటిష్ పార్లమెంటులో ఎద్దులపైకి కుక్కలను ఉసిగొల్పే ఆటను నిషేధించబోతే, ధనికుల నక్కల వేట జోలికి పోకుండా పేదల వినోదాన్ని మాన్పిస్తారా అని విలియం విండ్హామ్ అడ్డుకున్నాడు. వివక్ష ఉందన్నది నిజం. అంత మాత్రాన ఎద్దుకు నొప్పి తగ్గదు. చరిత్ర విద్యార్థి ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టుకోగలగాలి.

తరువాతి పరిణామాలు వేగంగా సాగాయి. 2016 జనవరి 7న కేంద్రం జల్లికట్టుకూ, మహారాష్ట్ర, కర్ణాటక, పంజాబ్, హర్యానా, కేరళ, గుజరాత్‌లలో బండి పందేలకూ అనుమతినిస్తూ ప్రకటన ఇచ్చింది. అందులో బండలాగుడు ఊసు లేదు. ఐదు రోజులకే సుప్రీంకోర్టు దానిని నిలిపివేసింది. 2017 జనవరిలో మెరీనా తీరంలో జరిగిన ఉద్యమం తరువాత తమిళనాడు సొంత సవరణ చేసుకుంది. కర్ణాటక, మహారాష్ట్ర అదే దారి పట్టాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ మూడు రాష్ట్రాల చట్టాలనూ సమర్థించింది. మన జిల్లాల్లో మాత్రం పోటీలు 2014 తరువాత కూడా ఆగలేదు.

పోషకుల మూడో వాదం, అన్నిటికన్నా ఎక్కువ వినబడేది, జాతి రక్షణ. పోటీ లేకపోతే ఒంగోలు జాతి అంతరిస్తుందంటారు. దీనిని నిదానంగా పరిశీలించాలి. గెలిచిన కోడెకు ధర వస్తుంది, ఆ ధర చూసి కొందరు దూడలను పెంచుతారు, అంతవరకు నిజం. కాని జాతిని నిలిపేది ఆవు. ఆవు లేని కొట్టంలో ఒక మేలైన జత ఉన్నంత మాత్రాన జాతి పెరగదు. గుంటూరు దగ్గరి లాం పరిశోధనా కేంద్రం చేసిన పని బరులకు అతీతంగా ఆవులను, ఆబోతులను పోషించి, వాటి సంతతిని నమోదు చేయడం.

ఇక్కడ బ్రెజిల్ ఉదాహరణ ఉపయోగపడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడికి చేరిన ఒంగోలు పశువులకు నెలోర్ అనే పేరు నిలిచింది, ఎందుకంటే ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరులో ఉండేది. 1960ల తొలి సంవత్సరాల్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్ళిన ఆబోతు ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధి పొందింది. నేడు ఆ దేశపు పశువుల్లో అధికభాగం ఈ జాతి రక్తం గలవే. అక్కడ జాతి వర్ధిల్లింది పోటీల వల్ల కాదు, మాంసం వ్యాపారం వల్ల. ఈ మాట మన రైతుకు రుచించదు, అయినా వాస్తవం. అదే బ్రెజిల్‌లో ఇద్దరు గుర్రపు రౌతులు ఎద్దును తోక పట్టి పడగొట్టే వకెజాద అనే ఆట ఉంది. దానిని అనుమతించిన సెయరా రాష్ట్ర చట్టాన్ని 2016 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు ఆరు, ఐదు ఓట్లతో కొట్టివేసింది. గుర్రాల పోషకులు, ఆటగాళ్ళు రాజధానికి తరలివెళ్ళి నిరసన తెలిపారు. 2017 జూన్‌లో రాజ్యాంగాన్నే సవరించి, సంస్కృతిగా నమోదైన ఆటలు క్రూరత్వం కిందికి రావన్నారు. తమిళనాడు సవరణ వచ్చిన ఏడే అది. సంస్కృతి, ఉపాధి, జాతి అనే మాటలు రెండు ఖండాల్లోనూ ఒకే వరుసలో వినిపించాయి.

ఈ పాఠం చదివాక మీ ప్రాంతంలో పోటీ కరపత్రం ఒకటి సంపాదించండి. బహుమతి మొత్తాలు, పళ్ళ విభాగాలు, చెర్నాకోల గురించిన షరతు, పశువైద్యుని ప్రస్తావన ఉన్నాయో లేదో రాసుకోండి. పక్కనే మరో అంకె రాయండి: 1960 చట్టం 11వ సెక్షన్ కింద తొలి నేరానికి జరిమానా కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50 రూపాయలు.