పిల్లుల మూత్రపిండ వ్యాధులు: బయాప్సీ పరీక్ష చరిత్ర

పెంపుడు పిల్లులు ముసలివైన కొలది వానికి ఎక్కువగా సోకు వ్యాధులలో మూత్రపిండ వ్యాధి యొకటి. ఇది చాలకాలము బయటపడదు. రక్తములోని క్రియాటినిన్ హద్దు దాటి పెరుగుసరికి మూత్రపిండముల పనితనములో సుమారు 75 శాతము నశించియుండును. రక్తపరీక్ష వలన పని తగ్గినదని తెలియును గాని, ఎందుచేత తగ్గినదో తెలియదు. కారణము తెలియవలెనన్న మూత్రపిండ కణజాలమునే చూడవలెను. బ్రతికియున్న ప్రాణి దేహమునుండి చిన్న తునకను తీసి సూక్ష్మదర్శినితో పరీక్షించుటను బయాప్సీ అందురు. మూత్రపిండమున ఈ పరీక్ష చేయుట మొదట మానవ వైద్యములో నేర్చి, తరువాత పశువైద్యమునకు తెచ్చిరి.

1827లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, దేహమునకు నీరు పట్టుటకును, మూత్రములో ఆల్బుమిన్ పోవుటకును, మూత్రపిండములు చెడుటకును గల సంబంధమును ప్రకటించెను. అయితే ఆయన కోసి చూచిన మూత్రపిండములు మరణించిన రోగులవి. తరువాత నూరేండ్లకు పైగా వైద్యులు చాలవరకు శవపరీక్షలపైననే ఆధారపడిరి. శవములో కనబడునది వ్యాధి తుదిదశ. అది ఎట్లు మొదలైనదో దానినిబట్టి చెప్పుట కష్టము.

1944లో స్వీడనులోని లుండ్ నగరమున నిల్స్ ఆల్వాల్ రోగుల మూత్రపిండములనుండి సూదితో కణజాలమును పీల్చి తీయుటకు పూనుకొనెను. ఒక రోగి మరణించగా ఆ పని మానివేసెను. తన అనుభవమును 1952లో గాని ప్రచురింపలేదు. ఈలోగా 1951లో కోపెన్‌హేగన్ వైద్యులు పౌల్ ఇవెర్సెన్, క్లాస్ బ్రున్ అనువారు, రోగిని కూర్చుండబెట్టి సూదితో కణజాలమును పీల్చు పద్ధతిని ప్రకటించిరి. కాని పలుమార్లు సూదికి కణజాలము చిక్కలేదు.

ఈ లోపమును 1954లో చికాగోలోని రాబర్ట్ కార్క్, రాబర్ట్ మ్యూర్కే సవరించిరి. వారు రోగిని బోర్లా పరుండబెట్టిరి. పీల్చు సూదికి బదులుగా, కణజాలమును కోసి తెచ్చు విమ్-సిల్వర్మన్ సూదిని వాడిరి. ముందుగా ఒక సన్నని సూదిని గుచ్చి చూచెడివారు. రోగి ఊపిరి తీసినప్పుడెల్ల ఆ సూది ఊగినచో, అది మూత్రపిండమును చేరినదని గుర్తు. ఈ విధముగా వారికి 96 శాతము సఫలత లభించెను.

పశువైద్యులును ఈ మార్గమునే అనుసరించిరి. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన కార్ల్ ఆస్బోర్న్, కుక్కలలోను పిల్లులలోను సూది బయాప్సీ వలన కలుగు ఫలితములను, ప్రమాదములను విచారించి 1971లో ప్రకటించెను. పిల్లి విషయములో ఒక సౌకర్యము కలదు. దాని మూత్రపిండములు వదులుగా అమరియుండి, పొట్టను తడిమినచో చేతికి దొరకును. మత్తుమందిచ్చి, మూత్రపిండమును కదలకుండ చేతితో పట్టి సూదిని గుచ్చవచ్చును. అల్ట్రాసౌండ్ వచ్చిన పిమ్మట సూది పోవు దారియే తెరపై కనబడసాగెను.

సౌకర్యముతో పాటు అపాయమును కలదు. మూత్రపిండములో వెలుపలి భాగము వల్కలము, లోపలి భాగము దవ్వ. రక్తమును వడగట్టు గ్లోమెరులస్‌లు వల్కలములోనే యున్నవి. వల్కలమును దవ్వయు కలియు చోట పెద్ద రక్తనాళములు వంపు తిరిగియుండును. సూది అంతవరకు దిగినచో రక్తము విశేషముగా పోవును. కావున సూది వల్కలమును దాటరాదు. 2005లో అమెరికాలో ప్రకటితమైన యొక పరిశీలనలో 65 పిల్లుల బయాప్సీలను విచారించిరి. వానిలో 18.5 శాతము పిల్లులకు ఏదో ఒక ఉపద్రవము కలిగెను. అందు అధికభాగము తీవ్ర రక్తస్రావమే.

ఇట్టి అపాయమున్న పరీక్షను ఎప్పుడు చేయవలెను? వచ్చు ఫలితము చికిత్సను మార్చగలిగినప్పుడే. మూత్రములో ప్రోటీను విడువకుండ పోవుచున్నచో గ్లోమెరులస్‌లు చెడినవని అనుమానింపవలెను. అప్పుడు తునకను మామూలు సూక్ష్మదర్శినితోను, ఇమ్యునోఫ్లోరెసెన్స్ పద్ధతిలోను, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోను పరీక్షింతురు. దేహ రక్షణ వ్యవస్థయే వ్యాధికి కారణమని తేలినచో, దానిని అణచు మందుల నీయవలెనా, వద్దా అను నిర్ణయమునకు ఈ పరీక్ష ఆధారమగును.

కాని ముసలి పిల్లులలో పెక్కింటికి మూత్రనాళికల నడుమ కణజాలము క్రమముగా గట్టిపడి, మూత్రపిండము కుంచించుకొని పోవును. అప్పుడు బయాప్సీలో కనబడునది మచ్చ కట్టిన కణజాలమే. మూలకారణము తెలియుట అరుదు, చికిత్సయు మారదు. పర్షియన్ జాతి పిల్లులలో వంశపారంపర్యముగా వచ్చు నీటితిత్తుల వ్యాధిని అల్ట్రాసౌండ్ చూపగలదు. దానికి కారణమైన జన్యులోపము 2004లో తెలిసినందున జన్యుపరీక్షయు కలదు. లింఫోమా అను క్యాన్సరును అనుమానించినచో, సన్నని సూదితో కొన్ని కణములను పీల్చి చూచుట సాధారణముగా చాలును.

వైద్యులు మొదట సూదిని గురి తప్పకుండ గుచ్చుట నేర్చిరి. దానిని ఎప్పుడు గుచ్చరాదో తెలిసికొనుటకు మరికొంత కాలము పట్టెను. ఆల్వాల్‌ను ఆపివేసిన ప్రశ్న, అనగా తెలియబోవు సంగతి ఈ అపాయమునకు తగినదా యను ప్రశ్న, నేడు పిల్లికి బయాప్సీ చేయనెంచు వైద్యుడును మొదట వేసికొనవలసినదే.