పాత లెన్సు – మన ముఖాలు
(హైదరాబాదు పోర్ట్రెయిట్ ఫోటోల కథ కొంత)

ఎనభై ఏళ్లు దాటిన మన సభ్యుల ఫోటోలు ఈ ప్రత్యేక సంచికలో వేయాలని కార్యవర్గం తీర్మానించి, ఆ ఫోటోలు తీసే పని నాకు అప్పగించింది. సెల్‌ఫోనుతో రెండు నిమిషాల్లో అయిపోయే పనికి నేను నలభై ఏళ్లనాటి రష్యన్ లెన్సు పట్టుకొని సనత్‌నగర్ క్వార్టర్ల వెంట తిరుగుతుంటే, "ఇదేం పిచ్చి అన్నా, ఇంకా చేత్తో రింగు తిప్పుతావా?" అని మిత్రులు చాలామంది అడిగారు. అందరికీ కలిపి ఒకేసారి జవాబు చెప్పినట్లుంటుందనీ, మన ఊరి ఫోటో చరిత్ర కొంత మీతో పంచుకున్నట్లుంటుందనీ ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందు లెన్సు సంగతి. 1839లో పారిస్‌లో డాగేర్ ఫోటో తీసే పద్ధతిని లోకానికి వెల్లడించినప్పుడు కట్టడాలకు, వీధులకు బాగానే పనికివచ్చింది గాని మనిషి ముఖానికి పనికిరాలేదు. ఆనాటి లెన్సు లోపలికి వెలుతురు మరీ తక్కువగా రానిచ్చేది. ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. ఆ మరుసటి ఏడు, 1840లో, వియన్నా విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్జ్వాల్ కాగితం మీద లెక్కలు కట్టి, ముఖాల కోసమే ఒక లెన్సు రూపొందించాడు. ఫాయిగ్ట్‌లాండర్ కంపెనీ దాన్ని తయారుచేసింది. పాత లెన్సుతో పోలిస్తే పది రెట్లకు పైగా వెలుతురు లోపలికి వచ్చేది. రసాయనాలు కూడా మెరుగుపడడంతో నిమిషాల లెక్క ఒక నిమిషం లోపుకు దిగింది. ప్రపంచమంతటా పోర్ట్రెయిట్ స్టూడియోలు వెలిసింది ఆ తరువాతే.

కాని వెలుతురు ఎక్కువ వచ్చే లెన్సుకు ఒక గుణం ఉంది. అది కొంచెం మేరకే స్పష్టంగా చూపుతుంది. ముందుదీ వెనుకదీ మసకబారుతుంది. ముఖంలో ఏది స్పష్టంగా ఉండాలో తీసేవాడే నిర్ణయించుకోవాలి. పోర్ట్రెయిట్ విద్యకు మూలం ఈ ఒక్క నిర్ణయమే.

ఈ విద్యలో హైదరాబాదుకు పేరు తెచ్చినవాడు రాజా దీన్‌దయాళ్. ఆయన కూడా మనలాగే ఉద్యోగస్థుడన్న సంగతి మన సభ్యులకు సంతోషం కలిగించవచ్చు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు కట్టి నక్షాలు గీసే పనిలో ఉండేవాడు. ఫోటోగ్రఫీ మొదట ఆయనకు వ్యాపకం మాత్రమే. తరువాత ఉద్యోగం వదిలి దానినే వృత్తి చేసుకున్నాడు. 1880ల మధ్యలో హైదరాబాదు వచ్చి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం ఆయనకు 'రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చాడు. 1905లో కన్నుమూశాడు.

ఆ రోజుల్లో ఫోటో తీసే తీరు ఈనాటి పిల్లలకు వింతగా ఉంటుంది. ముక్కాలి పీట మీద పెద్ద చెక్క కెమెరా. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ ముసుగు వేసుకొని వెనుకనున్న గరుకు అద్దం మీద బొమ్మ చూసుకునేవాడు. బొమ్మ తలక్రిందులుగా కనిపించేది. మర తిప్పుతూ లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి ఫోకస్ కుదుర్చుకొని, ఆ అద్దం స్థానంలో గాజు ప్లేటు ఉన్న పెట్టె దూర్చేవాడు. పెట్టె దూర్చాక లెన్సులోంచి చూసే వీలు లేదు. అందుచేత ముసుగులోంచి బయటికి వచ్చి, కెమెరా ప్రక్కన నిలబడి, ఎదుటి మనిషిని స్వయంగా చూస్తూ ఫోటో తీయవలసి వచ్చేది. ఫోకస్ చేసిన క్షణానికీ ఫోటో తీసిన క్షణానికీ నడుమ ఆ మనిషి రెండంగుళాలు వాలినా ప్లేటు వృథా. అందుకే కొన్ని స్టూడియోలలో తల కదలకుండా వెనుక నుండి ఇనుప కొక్కెం ఆనించేవారు. కాని కొక్కెం కంటే ఎక్కువ పని చేసేది నమ్మకమే. దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పి, దాన్ని శ్రీమతి కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆడవారి ముందు ఆడవారు నిశ్చింతగా కూర్చోగలరని ఆయనకు తెలుసు.

నవాబులు, దొరల ఫోటోల కథ అది. మనవంటి వారి ఫోటోల కథ వేరు. సనత్ అంటే ఉర్దూలో పరిశ్రమ. నిజాం కాలంలోనే పరిశ్రమల కోసం ఏర్పడిన ప్రాంతం మనది. 1942లో ఆల్విన్ మెటల్ వర్క్స్ వచ్చింది. తరువాత ఇంకా అనేకం వచ్చాయి. జిల్లాల నుండి వచ్చి చేరిన మనకు ఫోటో అవసరం కూడా ఉద్యోగంతోనే మొదలైంది. దరఖాస్తుకు పాస్‌పోర్టు సైజు, గేటు పాసుకు ఒకటి, పెళ్లిచూపులకు ఒకటి, పదవీ విరమణ నాడు దండతో ఒకటి. చాలామందికి జీవితం మొత్తం మీద స్టూడియోలో తీసిన ఫోటోలు ఈ నాలుగే.

అమీర్‌పేట, ఎర్రగడ్డ వైపు స్టూడియోలలో మనం కూర్చున్న స్టూలు, వెనుక తెర, రెండు ప్రక్కలా వేడెక్కించే దీపాలు మీకు గుర్తుండే ఉంటాయి. కెమెరా చాలాచోట్ల యాషికా. 1970లో వచ్చిన యాషికా మ్యాట్-124జి మన దేశంలో ఎన్నో స్టూడియోలకు అన్నం పెట్టింది. దానికి పైన ఒక లెన్సు చూడడానికి, క్రింద ఒక లెన్సు తీయడానికి. ఫోటోగ్రాఫరు తల వంచి, పైనున్న చిన్న భూతద్దంలోంచి మన కంటిని చూస్తూ ప్రక్కనున్న మీట తిప్పేవాడు. రోలుకు పన్నెండు ఫోటోలే. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు 1967 నుండి ఉత్పత్తి చేసిన 'ఇందు' ఫిల్ము ఆనాడు బాగా వాడుకలో ఉండేది. ఒక్క ఫిల్ము ముక్క కూడా వృథా చేయలేడు కనుక "సార్, గడ్డం కొంచెం కిందికి, ఊపిరి పీల్చి వదలండి" అని రెండు నిమిషాలు మనతోనే గడిపేవాడు.

సినిమాలలోనూ ఇదే పద్ధతి. మన పొరుగున అమీర్‌పేట సారథి స్టూడియోలో నిర్మాణమైన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. ఆ కాలపు సినిమా కెమెరాకు ఫోకస్ చూసే సహాయకుడు నటుల కంటి నుండి కెమెరా వరకు టేపుతో దూరం కొలిచి, ఆ అంకె మీదికి రింగు తిప్పేవాడు. టేపు పట్టేది కంటి దగ్గరే, గడ్డం దగ్గర కాదు.

ఇక నా లెన్సు. మన ప్రక్కనే బాలానగర్‌లో సోవియట్ సహకారంతో ఐడీపీఎల్ మందుల కర్మాగారం ఏర్పడిన సంగతి మీకు తెలుసు. అక్కడ పనిచేసిన మిత్రుడొకరు 1984లో తన జెనిట్-ఇ కెమెరాను, దానికున్న హీలియోస్-44-2 లెన్సును నాకు అమ్మాడు. 58 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు అది. జర్మనీలోని జెనా నగరపు జైస్ వారి బయోటార్ నమూనా మీద, యుద్ధం తరువాత రష్యన్లు తయారుచేసుకున్నారు. దానికి ఫోకస్ రింగు కాక మరి రెండు రింగులుంటాయి. ఒకదానితో లెన్సు రంధ్రం ఎంత ఉండాలో ముందే నిర్ణయించుకోవాలి. రెండవది పూర్తిగా తెరిచి ఫోకస్ చేసుకొని, ఫోటో తీసేముందు మూయాలి.

ఆ రెండవ రింగు దగ్గరే నేను పొరపాటు చేశాను. 1987లో మా విభాగంలో పెద్దవాడొకరు పదవీ విరమణ చేశారు. దండ వేశాక గేటు దగ్గర చెట్టు నీడలో మీటరు దూరం నుండి ఆయన ఫోటో తీశాను. దండలో జరీ మెరుస్తుంటే దాని మీద ఫోకస్ కుదిరింది. ఎఫ్/5.6 నిర్ణయించుకున్నాను కనుక కళ్లు కూడా స్పష్టంగా వస్తాయనుకున్నాను. మీటరు దూరంలో ఎఫ్/5.6 దగ్గర సుమారు పది సెంటీమీటర్ల మేర స్పష్టంగా వస్తుంది. ఎఫ్/2 దగ్గర మూడున్నర సెంటీమీటర్లే. బస్సు వేళ అయిపోతోందన్న తొందరలో రింగు మూయడం మరిచాను. రింగు మూస్తే కెమెరాలో బొమ్మ చీకటిపడాలి, పడలేదన్న సంగతి కూడా గమనించలేదు. నెగెటివు కడిగి చూస్తే కావలసినదానికి ఎనిమిది రెట్లు వెలుతురు తగిలి నల్లగా ఉంది. ప్రింటు తీస్తే దండలో పూలు ఒక్కొక్కటే లెక్కపెట్టవచ్చు. ముఖం మాత్రం మసక.

మళ్లీ తీద్దామనుకుంటూనే రోజులు గడిచాయి. 1991లో ఆయన హఠాత్తుగా పోయారు. పదకొండో రోజుకు పెద్ద ఫోటో కావాలని వాళ్లబ్బాయి వచ్చాడు. ఆ నెగెటివు తప్ప ఉన్నది గేటు పాసు ఫోటో ఒక్కటే, దాని మీద రబ్బరు ముద్ర సగం ముఖం కప్పేసింది. ఆ మసక ఫోటోనే పెద్దది చేసి ఇచ్చాను. ఇప్పటికీ వాళ్లింటి గోడ మీద అదే ఉంది.

ఈ సంచిక పని మొదలైనప్పుడు మొదట ఆ ఇంటికే వెళ్లాను. ఆమె మన సంఘంలో ఫ్యామిలీ పెన్షనరు. టీ ఇచ్చి కూర్చున్నాక, ఇన్నేళ్లుగా మనసులో పెట్టుకున్న సంగతి చెప్పేశాను. "వదిన గారూ, ఆ ఫోటోలో తప్పు నాది, రింగు తిప్పడం మరిచాను" అన్నాను. ఆమె గోడ వంక చూసి, "అయ్యో అన్నయ్య గారూ, ఆయన అద్దాలు తుడుచుకోకుండా కూర్చున్నారనుకున్నాను ఇన్నాళ్లూ. ఎన్నిసార్లు తిట్టుకున్నానో!" అని నవ్వారు. నేనూ నవ్వాను గాని నాకు గొంతు పట్టేసింది.

ఆ రోజు ఆమె ఫోటో అదే లెన్సుతో తీశాను. 1985లో వచ్చిన మినోల్టా 7000 తరువాత దానంతట అదే ఫోకస్ చేసుకునే కెమెరాలు వ్యాపించి, ఈ లెన్సులు మూలన పడ్డాయి. ఇప్పుడు డిజిటల్ కెమెరాకు చిన్న అడాప్టరు తగిలిస్తే మళ్లీ పనిచేస్తున్నాయి. తెర మీద కంటిని పెద్దది చేసి చూసే సదుపాయం కూడా ఉంది. ఆసక్తి ఉన్నవారి కోసం నా పద్ధతి చెబుతాను. కిటికీకి ప్రక్కగా, వీపు ఆనే కుర్చీలో కూర్చోబెడతాను. వీపు ఆనితే పెద్దవారు ముందుకూ వెనక్కూ ఊగరు. కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద, రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా ఫోకస్ చేస్తాను. చివరి సవరణకు రింగు తిప్పను. నేనే పిసరంత ముందుకో వెనక్కో వంగుతాను. రంధ్రం ఎఫ్/4కు మూస్తాను. కళ్లద్దాల మీద కిటికీ మెరిస్తే గడ్డం కొంచెం దించమంటాను. ఇదంతా అయ్యేసరికి ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఒకరి కళ్లలోకి చూడక తప్పదు. ముప్పై ఏళ్లు ఒకే షాపులో ప్రక్కప్రక్కన పనిచేసి కూడా కొందరి కళ్లు నేను సరిగా చూడనేలేదని ఈ నెలలోనే తెలిసింది. కొత్త కెమెరా ఈ పని కనురెప్పపాటులో చేస్తుంది. దాన్ని తప్పు పట్టను. నాకు ఆ ఐదు నిమిషాలు కావాలి, అంతే.

చివరగా ఒక మనవి. దీన్‌దయాళ్ స్టూడియో నెగెటివుల మీద నంబరూ పేరూ వ్రాసే అలవాటు ఉండేది. 2,857 గాజు నెగెటివులు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి భద్రంగా ఉన్నాయి. మన స్టూడియోల నెగెటివులకు ఆ భాగ్యం లేదు. స్టూడియో మూతపడితే ఫిల్ము డబ్బాలు తుక్కు బండిలోకి పోయాయి. అందుచేత మన ముఖాలు మన బీరువాలలో మిగిలినవే. సంఘం కార్యాలయానికి వచ్చిన పాత గ్రూపు ఫోటోలలో సగానికి వెనుక ఒక్క పేరూ లేదు. వాటిలో ఉన్నవారిని గుర్తుపట్టగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇంట్లో ఉన్న ఫోటోల వెనుక, అంచున, మెత్తని పెన్సిలుతో పేరు, విభాగం, సంవత్సరం వ్రాయండి. బాల్‌పెన్ను వాడకండి, ముందువైపు గీత పడుతుంది. జిగురు పేజీల ఆల్బములలోంచి తీసి కాగితం కవర్లలో ఉంచండి. నెగెటివులు ఉంటే పారేయకండి.

ఇంకా ఫోటో తీయించుకోనివారు ఉదయం తొమ్మిది నుండి పదకొండు లోపు సంఘం రీడింగ్ రూముకు రండి. తూర్పు కిటికీ వెలుతురు ఆ వేళ బాగుంటుంది. రాలేనివారు కబురు పెడితే ఇంటికే వస్తాను. కళ్లద్దాలు తుడుచుకోవడం మీ బాధ్యత, రింగు తిప్పడం నా బాధ్యత.