జీపు అడుగున దాగిన ఓక్ కర్ర

రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు కొనాలనుకునేవాళ్లలో అనుభవజ్ఞులు బానెట్ ఎత్తకముందే నేల మీద పడుకుని బండి అడుగు చూస్తారు. ఇంజిన్ పోతే ఇంకొకటి వెతకొచ్చు. అడుగు రేకును తుప్పు తినేస్తే తొట్టి, అంటే బండి బాడీ, మొత్తం విప్పాల్సిందే.

ఆ తుప్పుకు బీజం కర్మాగారంలోనే పడింది. 1940 సెప్టెంబరులో బాంటమ్ కంపెనీ తొలి నమూనాను అమెరికా సైన్యానికి అప్పగించింది. ఆ తర్వాత 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. సైన్యానికి కావలసింది తేలికైన బండి, అదీ వెంటనే. అందుకే అడుగున పలుచని ఉక్కు రేకు పరిచి, దాని కింద టోపీ ఆకారంలో వంచిన పట్టీలను స్పాట్ వెల్డింగ్‌తో అతికించారు. చాసిస్‌కు బిగించే బోల్టుల ఒత్తిడికి ఆ పట్టీలు నొక్కుకుపోకుండా లోపల ఓక్ కర్ర పెట్టారు.

చిక్కంతా ఆ కర్రతోనే వచ్చింది. సందుల్లోంచి దిగిన నీటిని అది పీల్చుకుని చాలాకాలం వదలదు. పట్టీ లోపలివైపుకు రంగు సరిగా చేరదు కాబట్టి ఉక్కు అక్కడి నుంచే తుప్పు పడుతూ వస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది! డ్రైవర్ సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంటదీ ఇదే కథ. నీరు పోవడానికి పెట్టిన రంధ్రం బురదతో మూసుకుపోతే అక్కడే మడుగు కడుతుంది.

యుద్ధం ముగిశాక ఎన్నో జీపులు పొలాలకు చేరాయి. చిల్లి పడినచోట రైతులు మరో రేకు వేసి వెల్డింగ్ చేశారు. బండి నడిచింది గానీ, రెండు రేకుల మధ్య చేరిన తేమ కొత్త రేకునూ తినేసింది.

1976లో అమెరికాలో సైనిక వాహన పరిరక్షణ సంఘం ఏర్పడింది. ఇలాంటి సంఘాల్లోని అభిమానుల పట్టుదల వల్లే మరమ్మతు ఓ శాస్త్రంలా ఎదిగింది. ముందుగా పెట్రోలు ట్యాంకు దించేస్తారు. రేకు కోసినప్పుడు తొట్టి వంకరపోకుండా లోపల అడ్డుకడ్డీలు వెల్డ్ చేస్తారు. పాత స్పాట్ వెల్డింగులను ఒక్కొక్కటిగా డ్రిల్‌తో తొలిచి, కుళ్లిన భాగాన్ని విడదీస్తారు. కొత్త రేకుకు అవే చోట్ల రంధ్రాలు చేసి, వాటిని వెల్డింగ్‌తో నింపి, గ్రైండర్‌తో చదును చేస్తారు. పని శ్రద్ధగా సాగితే అది పాత అతుకులాగే కనిపిస్తుంది.

ఓక్ కర్ర మళ్లీ పెట్టాలా అన్నదానిపై మాత్రం రెండు పక్షాలున్నాయి. కొందరు దాన్ని వదిలేసి, బోల్టు చుట్టూ ఉక్కు గొట్టపు ముక్క బిగిస్తారు. అసలు నిర్మాణాన్ని కాపాడాలనేవాళ్లు కొత్త కర్రకు అన్ని వైపులా రంగు పట్టించి, ఆరాకే లోపల అమరుస్తారు.