హజీరా నుంచి లద్దాఖ్‌కు: తేలికపాటి ట్యాంకు అవసరం, బ్రిటన్ నేర్పే పాఠం

సూరత్: జౌళికీ, వజ్రాల సానకూ పేరొందిన సూరత్‌కు సమీపంలో, తపతి నది సముద్రంలో కలిసే హజీరా వద్ద దేశ భూతల సైనిక బలంలో ఒక భాగం రూపుదిద్దుకుంటోంది. లార్సెన్ అండ్ టూబ్రో సంస్థకు చెందిన ఇక్కడి సాయుధ వాహనాల కర్మాగారాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2019 జనవరిలో జాతికి అంకితం చేశారు. ఒక దేశానికి ఎన్ని ట్యాంకులు కావాలి, వాటిని ఎవరు తయారు చేయాలి అనే ప్రశ్నలు ఇప్పుడు బ్రిటన్‌లోనూ, భారత్‌లోనూ చర్చకు వస్తున్నాయి.

కె-9 వజ్రతో ఆరంభం

హజీరాలో మొదట తయారైనది ట్యాంకు కాదు. అది కె-9 వజ్ర అనే శతఘ్ని. చూపులకు ట్యాంకును పోలి ఉన్నా దీని పని వేరు. ట్యాంకు శత్రువుకు ఎదురుగా నిలిచి పోరాడితే, 155 మిల్లీమీటర్ల ఈ శతఘ్ని చాలా దూరం నుంచి గుండ్లు కురిపించి వెంటనే స్థానం మార్చుకుంటుంది. దక్షిణ కొరియా సంస్థ హన్వా సాంకేతిక సహకారంతో 100 శతఘ్నుల తయారీకి 2017లో ఒప్పందం కుదిరింది. నూరవది 2021 ఫిబ్రవరిలో సైన్యానికి అందింది. ఎడారి కోసం ఉద్దేశించిన ఈ శతఘ్నులను అదే ఏడాది లద్దాఖ్‌లోనూ మోహరించారు. మరో 100 శతఘ్నుల కోసం రక్షణ శాఖ 2024 డిసెంబరులో రూ.7,628 కోట్లకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది.

జొరావర్ ఎందుకు?

2020లో తూర్పు లద్దాఖ్‌లో చైనాతో తలెత్తిన ఉద్రిక్తత సైన్యం ముందు ఒక లోటును నిలిపింది. టి-72 బరువు 40 టన్నులకు పైబడి ఉంటుంది. టి-90 అంతకంటే బరువైనది. ప్రాణవాయువు పలుచబడే ఎత్తుల్లో ఇంజిన్ శక్తి తగ్గుతుంది. ఇరుకు దారులు, బలహీనమైన వంతెనలు బరువైన వాహనాలను అడ్డుకుంటాయి. చైనా వద్ద పర్వత ప్రాంతాలకు తగిన టైప్-15 తేలికపాటి ట్యాంకులు ఉన్నాయి.

ఈ అవసరం కొత్తది కాదు. 1948 నవంబరులో జోజిలా కనుమను ఛేదించినవి స్టువర్ట్ తేలికపాటి ట్యాంకులే. 1962లో ఏఎంఎక్స్-13 ట్యాంకులను విమానాల్లో చుషూల్‌కు తరలించారు. ఆ తరువాతి దశాబ్దాల్లో సైన్యం బరువైన ట్యాంకులపైనే ఎక్కువగా ఆధారపడింది.

డీఆర్‌డీవో, ఎల్ అండ్ టీ కలిసి రూపొందించిన జొరావర్ ట్యాంకును 2024 జులై 6న హజీరాలో డీఆర్‌డీవో అధిపతి సమీర్ కామత్ సమక్షంలో ప్రదర్శించారు. 19వ శతాబ్దంలో లద్దాఖ్, టిబెట్ దండయాత్రలు నడిపిన డోగ్రా సేనాని జొరావర్ సింగ్ పేరు దీనికి పెట్టారు. 25 టన్నుల బరువు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి, 760 అశ్వశక్తి ఇంజిన్ దీని ప్రత్యేకతలు. అంటే టన్నుకు సుమారు 30 అశ్వశక్తి లభిస్తుంది. టి-72కు ఇది 20 లోపే. 2024 డిసెంబరులో 4,200 మీటర్లకు మించిన ఎత్తులో కాల్పుల పరీక్షలు జరిగాయి. మొత్తం 354 తేలికపాటి ట్యాంకులు సైన్యానికి అవసరమని అంచనా. వాటిలో 59 జొరావర్‌కు కేటాయించారు.

బ్రిటన్ అనుభవం

ట్యాంకును ప్రపంచానికి పరిచయం చేసిన బ్రిటన్ ఇప్పుడు తన బలగాన్ని కుదించుకుంది. 2021 నిర్ణయం ప్రకారం ఆ దేశం వద్ద ఉన్న 227 ఛాలెంజర్-2 ట్యాంకుల్లో 148ని మాత్రమే ఛాలెంజర్-3గా ఆధునికీకరిస్తారు. ఇవి పూర్తిగా కొత్తవి కావు. పాత ట్యాంకుల చట్రాలపైనే కొత్త టరెట్లు అమరుస్తున్నారు. 2023లో ఉక్రెయిన్‌కు 14 ట్యాంకులు ఇవ్వడంతో నిల్వ మరింత తగ్గింది. 2025 జూన్‌లో వెలువడిన రక్షణ సమీక్ష మనుషులు నడిపే బరువైన వాహనాలతో పాటు, వాటికంటే ఎక్కువ సంఖ్యలో డ్రోన్లు, మానవరహిత సాధనాలు ఉండాలని సూచించింది.

ఇందులో భారత్‌కు చారిత్రక సంబంధం కూడా ఉంది. చెన్నై సమీపంలోని ఆవడి కర్మాగారం నుంచి 1965లో వెలువడిన విజయంత ట్యాంకు బ్రిటన్‌కు చెందిన విక్కర్స్ నమూనాయే. నాడు నమూనా ఇచ్చిన దేశం నేడు ఉన్న ట్యాంకులకే మెరుగులు దిద్దుతుంటే, నాడు దాన్ని అందుకున్న దేశం కొత్త ట్యాంకుకు రూపకల్పన చేస్తోంది.

ముందున్న సవాళ్లు

జొరావర్ పూర్తిగా స్వదేశీ కాదు. ఇంజిన్ అమెరికా సంస్థ కమిన్స్‌ది, ఫిరంగి బెల్జియం సంస్థ జాన్ కాకరిల్‌ది. మొదట అనుకున్న జర్మనీ ఇంజిన్‌కు ఎగుమతి అనుమతులు ఆలస్యం కావడంతోనే కమిన్స్‌ను ఎంచుకోవలసి వచ్చింది. కీలక భాగాలు పరదేశంలో ఉంటే కాలపట్టిక మన చేతిలో ఉండదని ఈ అనుభవం చాటింది.

రెండో సవాలు నిరంతర ఉత్పత్తి. కె-9 తొలి విడత పూర్తయ్యాక తదుపరి ఒప్పందానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారం శరత్ పదాతిదళ వాహనాలతో సంపాదించిన నైపుణ్యమైనా, హజీరా నైపుణ్యమైనా వరుస ఆర్డర్లు ఉంటేనే నిలుస్తుంది. ట్యాంకుల సంఖ్యను ప్రభుత్వం కాగితంపై ఎప్పుడైనా పెంచవచ్చు. చెదిరిపోయిన కార్మికులనూ, విడిభాగాల సరఫరాదారులనూ మళ్లీ కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది.