ఓట్ల లెక్క, ఒకరి మాట: పాజ్ అండ్ జాప్ చరిత్ర

సంగీత విమర్శకుల చేత ఏటా ఓట్లు వేయించి ఫలితాలను ప్రకటించే ఆచారాన్ని అమెరికాలో స్థిరపరిచినవి జాజ్ పత్రికలు. 1934లో షికాగోలో పుట్టిన డౌన్‌బీట్ మొదట పాఠకుల ఓట్లను, 1953 నుంచి విమర్శకుల ఓట్లను కూడా సేకరించింది. అయితే ఆ ఓట్లు తొలినాళ్లలో ప్రధానంగా వాద్యకారులకూ గాయకులకూ పడేవి. ఓటు ఆల్బమ్‌కు పడాలంటే ముందు ఆల్బమ్‌కు ఒక సమగ్ర రచనగా గుర్తింపు రావాలి. 1948లో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టిన ఎల్పీ, అంటే నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతూ ఒక్కో వైపు సుమారు ఇరవై నిమిషాలు వినిపించే రికార్డు, అందుకు సాంకేతికంగా వీలు కల్పించింది. 1960ల రెండవ సగంలో రాక్ కళాకారులు రెండు వైపుల పాటలనూ ఒకే రచనగా కూర్చడం, క్రాడాడీ (1966), రోలింగ్ స్టోన్ (1967) వంటి పత్రికలు వాటిని గంభీరంగా సమీక్షించడం ఆ గుర్తింపును నిలబెట్టాయి.

ఈ నేపథ్యంలో న్యూయార్క్ వారపత్రిక విలేజ్ వాయిస్‌లో రాబర్ట్ క్రిస్ట్‌గౌ అనే విమర్శకుడు 1971 సంవత్సరపు ఆల్బమ్‌లపై సహ విమర్శకుల ఓట్లను సేకరించి, అప్పుడే మూతపడిన జాజ్ అండ్ పాప్ అనే పత్రిక పేరులోని తొలి అక్షరాలను తారుమారు చేసి ఆ పోటీకి పాజ్ అండ్ జాప్ అని పేరు పెట్టాడు. ఆ ఏడు ది హూ బృందం రూపొందించిన హూజ్ నెక్స్ట్ ప్రథమ స్థానం పొందింది. క్రిస్ట్‌గౌ మరో పత్రికకు వెళ్లడంతో రెండేళ్లు ఆగిన ఓటింగు, 1974లో ఆయన వాయిస్‌కు సంగీత సంపాదకుడిగా తిరిగి వచ్చాక మళ్లీ మొదలై 2018 వరకు ఏటా సాగింది.

దాని లెక్కింపు పద్ధతిని కొంత వివరంగా చూడాలి. ప్రతి విమర్శకుడూ పది ఆల్బమ్‌లను ఎంచుకుని, వాటికి మొత్తం 100 పాయింట్లను పంచాలి; ఒక ఆల్బమ్‌కు 30కి మించి గానీ 5కు తగ్గించి గానీ ఇవ్వకూడదు. ఫలితాలలో మొత్తం పాయింట్ల పక్కనే ఓటు వేసినవారి సంఖ్యనూ ముద్రించేవారు కనుక, ఎక్కువమంది ఓ మోస్తరుగా మెచ్చిన ఆల్బమ్ ఏదో, కొద్దిమందే అయినా గాఢంగా ప్రేమించిన ఆల్బమ్ ఏదో పాఠకుడు తానే పోల్చుకోగలిగేవాడు. వీటితో పాటు ఓటర్ల వ్యాఖ్యలు, ఆ ఏటి తీర్పును అంచనా వేస్తూ క్రిస్ట్‌గౌ రాసిన సుదీర్ఘ వ్యాసం, డీన్ జాబితా పేరుతో ఆయన సొంత ఎంపికలు వెలువడేవి. సమష్టి తీర్పును ప్రకటించిన సంపాదకుడే అదే సంచికలో దానితో తన విభేదాన్ని పేరు పేరునా నమోదు చేయడం ఈ ఆచారపు అసలైన ఘనత.

1986 ఫలితాలు దీనికి ఉత్తమ నిదర్శనం. ఆ ఏడు ప్రథమ స్థానం పాల్ సైమన్ రూపొందించిన గ్రేస్‌లాండ్‌ది. దక్షిణాఫ్రికాపై ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణ అమలులో ఉండగా జొహానెస్‌బర్గ్ వెళ్లి అక్కడి నల్లజాతి కళాకారులతో కలిసి పనిచేసినందుకు సైమన్ తీవ్ర విమర్శకు గురైన ఆల్బమ్ అది. క్రిస్ట్‌గౌ జాబితాలో మొదట నిలిచినది మాత్రం ది ఇన్‌డిస్ట్రక్టిబుల్ బీట్ ఆఫ్ సొవెటో, అంటే అక్కడి నల్లజాతి కళాకారుల సంగీతాన్నే, ముఖ్యంగా బాస్ గిటారు గట్టిగా మోగే ఎంబకాంగా అనే నృత్య సంగీతాన్ని, మధ్యవర్తి లేకుండా వినిపించిన సంకలనం. గ్రేస్‌లాండ్‌లో పాడిన లేడీస్మిత్ బ్లాక్ మంబాజో బృందం ఈ సంకలనంలోనూ ఉంది. విమర్శకుల ఓట్లలో దానికి పదవ స్థానమే దక్కింది. ఒకే దేశపు సంగీతం ఒకసారి అమెరికన్ గాయకుడి ద్వారా, మరోసారి నేరుగా వినిపించినప్పుడు విమర్శక లోకం దేనికి పట్టం కట్టిందో ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టినప్పుడే తెలుస్తుంది. ఒక్క మొత్తం లెక్కే మిగిలి ఉంటే ఆ ప్రశ్న చరిత్రకు అందేదే కాదు.

అయితే ఓటర్లలో అత్యధికులు తెల్లజాతి పురుషులు కావడం ఈ ఓటింగులోని ఒక లోపం. దీనిని క్రిస్ట్‌గౌ తన వ్యాసాలలోనే ప్రస్తావించాడు. 1979 నుంచి సింగిల్‌కు, అంటే విడిగా విడుదలయ్యే పాటకు, వేరే ఓటింగు పెట్టడం వల్ల నృత్యశాలల నుంచి, వీధుల నుంచి వచ్చిన నల్లజాతి సంగీతానికి కొంత చోటు దొరికింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందపు ది మెసేజ్ 1982లోనే ఉత్తమ సింగిల్‌గా నెగ్గగా, హిప్‌హాప్ ఆల్బమ్ ఒకటి ప్రథమ స్థానానికి చేరడానికి 1988లో పబ్లిక్ ఎనిమీ బృందం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఈ ఆరేళ్ల ఎడానికి, ఎల్పీని గంభీర కళారూపంగా భావించిన తరం సింగిల్‌ను తక్కువగా చూడటం ఒక కారణమని చెప్పడం అన్యాయం కాదు.

ఓటింగుకు ప్రాతిపదికైన ఒక ఏటి సంగీతమన్న మాటకు కూడా హద్దులు అంత గట్టివి కావు: 1975లో గెలిచిన బాబ్ డిలన్ బేస్‌మెంట్ టేప్స్ ప్రధానంగా 1967 నాటి రికార్డింగులు, 1983 విజేత థ్రిల్లర్ 1982 నవంబరు చివరలోనే విడుదలైంది.

2006లో వాయిస్ యాజమాన్యం క్రిస్ట్‌గౌను తొలగించినా ఓటింగు ఆగలేదు. పత్రిక 2017లో ముద్రణను, 2018 ఆగస్టులో ప్రచురణను నిలిపివేయగా, ఆ ఏటి ఫలితాలు మాత్రం 2019 ఆరంభంలో చివరిసారిగా వెలువడ్డాయి. వాటిలో కేసీ మస్‌గ్రేవ్స్ రూపొందించిన గోల్డెన్ అవర్ మొదటిది. ఇప్పుడు పత్రికల వార్షిక జాబితాలను కలిపి మొత్తం మార్కులు వేసే మెటాక్రిటిక్ వంటి సంస్థలు ఆ స్థానాన్ని కొంత ఆక్రమించాయి. అవి ప్రధానంగా కూడేది సంస్థల జాబితాలను కనుక, ఏ విమర్శకుడు దేనికి 30 పాయింట్లు ఇచ్చేవాడో, ఎవరు ఎందుకు ఒప్పుకోలేదో అందులో కనిపించదు. క్రిస్ట్‌గౌ మాత్రం ఓటింగు ఆగిన తరువాత కూడా తన డీన్ జాబితాను విడిగా ప్రకటిస్తూ వచ్చాడు.