ఫోన్ తెర మీది బొమ్మల కథ: వెబ్‌కామిక్స్‌ను తెలుగులో ఎలా సమీక్షించాలి?

2019 డిసెంబరులో క్రాస్ కామిక్స్ అనే యాప్ మన దేశంలో మొదలైంది. కొరియాలో పుట్టిన వెబ్‌టూన్ పద్ధతిని ఇక్కడికి తెచ్చి, ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగులోనూ బొమ్మల కథలను భాగాలు భాగాలుగా అందించింది. అదే ఏడాది జులైలో విడుదలైన ‘ఓ! బేబీ’ సినిమా నిర్మాణంలో పాలుపంచుకున్న క్రాస్ పిక్చర్స్ వారిదే ఈ యాప్ కూడా. సినిమా గురించి ప్రతి పత్రికా రాసింది. వాళ్ళే తెలుగులోకి తెచ్చిన బొమ్మల కథల గురించి మాత్రం, వెతికి చదవదగిన విమర్శ నాకు కనబడలేదు. ఒకే గూటి నుంచి వచ్చిన రెండు కళారూపాల్లో ఒకదానికి అంత చర్చ దొరికి, రెండోదానికి ఏమీ దొరకకపోవడం నన్ను ఈ పరిశీలనకు పురికొల్పింది.

ఫోన్ తెర మీద చదివే బొమ్మల కథను సమీక్షించేవారు ఏం చూడాలి, ఏం రాసి ఉంచాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. ముక్తేశ్వరం లాంటి ఊళ్ళో ఉన్న పాఠకుణ్ణి మనసులో పెట్టుకుని జవాబు వెతికాను. కోనసీమలోని అయినవిల్లి మండలంలో గౌతమి ఒడ్డున ఉన్న ఊరు ఇది. ఎదుటి గట్టున కోటిపల్లి. రెండు రేవుల మధ్య పంటు తిరుగుతూ ఉంటుంది. కామిక్స్ పుస్తకాలే అమ్మే దుకాణం ఇలాంటి చోట ఆశించలేం. ఫోన్ మాత్రం అందరి చేతుల్లోనూ ఉంది. హైదరాబాదులో ఉన్నవారికీ, ఇక్కడివారికీ ఒకే పూట ఒకే భాగం అందడం అచ్చు పత్రికల కాలంలో సాధ్యం కాలేదు. ఆ అందడం ఎంత పెళుసైనదో కూడా కోనసీమకు బాగా తెలుసు. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత ఇక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. అది రోజుల తరబడి తిరిగి రాలేదు. ఇళ్ళ నుంచి పనిచేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ గోదావరి గట్లకు చేరిన సంగతి అప్పటి పత్రికల్లో వచ్చింది. వెబ్‌లో మాత్రమే ఉన్న కథ అన్నాళ్ళూ ఈ ప్రాంతం వరకు లేనట్టే.

బొమ్మా మాటా కలిసి నడవడం ఈ నేలకు కొత్త కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి, మనందరి బుజ్జాయి, ‘డుంబు’ కామిక్‌ను సృష్టించారు. పంచతంత్ర కథలను కామిక్స్‌గా గీసి ‘ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’ పాఠకుల ముందు పెట్టారు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, నరసాపురంలో పుట్టిన బాపు కలిసి 1950ల నడుమ ఆంధ్రపత్రిక వారపత్రికలో ‘బుడుగు’ను నిలబెట్టారు. ‘బుడుగు’ కామిక్ కాదు. కానీ ఆ పిల్లవాడి మాటను బాపు గీత నుంచి విడదీసి చదవడం ఎవరి తరమూ కాదు. ఇంత సంపద ఉండి కూడా మన విమర్శ రమణ భాష మీద పేజీలు రాసి, బాపు గీత దగ్గరకు వచ్చేసరికి ఒక పొగడ్తతో సరిపెట్టుకుంది. గీత ఎక్కడ సన్నబడింది, ముఖం ఎందుకు పక్కకు తిరిగింది, ఖాళీ ఎందుకు వదిలారు అని ఓపిగ్గా చెప్పినవారు తక్కువ.

దీనికి మూలం ‘చందమామ’ నేర్పిన చదువులో ఉందని నా అభిప్రాయం. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించిన ఆ పత్రికలో చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ వేసిన బొమ్మలు తరాల కళ్ళకు రుచి నేర్పాయి. కానీ అక్కడ కథ అక్షరాల్లోనే పూర్తిగా ఉంటుంది. బొమ్మ దానికి తోడు. బొమ్మ తీసేసినా కథ తెలుస్తుంది. కామిక్‌లో బొమ్మ తీసేస్తే కథే ఉండదు. తోడుబొమ్మ చూసిన అలవాటుతో కామిక్‌ను సమీక్షిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మూడు పేరాల్లో కథాసారం, చివర ‘బొమ్మలు కూడా బాగున్నాయి’ అన్న ఒక వాక్యం. ఆ వాక్యం దగ్గర మొదలు కావలసిన సమీక్ష అక్కడే ఆగిపోతుంది.

బుడగలో తెలుగు

తెలుగు సమీక్షకులు తప్ప మరెవరూ చూడలేని సంగతి ఒకటుంది: మాటల బుడగలో తెలుగు లిపి ఎలా కూర్చుంది? కొరియన్ అక్షరాలు ఇంచుమించు సమానమైన చదరాల్లో ఒదుగుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒకే ఎత్తులో ఉంటాయి. తెలుగు అలా కాదు. పైన గుడి కావాలి, కింద వత్తు కావాలి; ‘రాష్ట్రం’ అని రాయాలంటే రెండు వరుసల చోటు పడుతుంది. దానికి తోడు మన క్రియాపదాలు ఒకదానికొకటి అతుక్కుని సాగుతాయి. ‘వెళ్ళిపోవాల్సొచ్చిందంట’ అన్నది ఒకే మాట. సన్నని బుడగలో దాన్ని ఎక్కడ విరుస్తారు? వేరే భాష కోసం గీసిన బుడగలోకి తెలుగును దింపేటప్పుడు రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, అక్షరాన్ని కుదించడం. ఫోన్ తెర మీద వత్తులు కలిసిపోయి కళ్ళు లాగుతాయి. రెండోది ఇంకా పెద్దది: బుడగలో పట్టాలని మాటనే కుదించడం. అప్పుడు అమ్మ కొడుకుతో మాట్లాడినట్టు కాక, ఆఫీసు నోటీసు చదివినట్టు ఉంటుంది.

అందుకే సమీక్షలో అక్షరాల కూర్పుకు ఒక పేరా కేటాయించాలంటాను. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్న కాలంలో, కోపానికీ గుసగుసకూ ఏడుపుకూ ఒకే ఫాంటు వాడితే అది కథను బలహీనపరిచిందని చెప్పాలి. చేత్తో రాసిన అక్షరం కనబడితే ఆగి మెచ్చుకోవాలి. చేతిరాతే ఒక ఫాంటుగా మారిన బాపు మనకు ఉన్నప్పుడు, కామిక్‌లో అక్షరం కూడా బొమ్మేనని కొత్తగా నేర్పించే పని లేదు.

జారే తెర, విప్పే పటం

గడికీ గడికీ నడుమ వదిలిన ఖాళీలోనే పాఠకుడు కథను పూరించుకుంటాడని కామిక్స్ రచయిత స్కాట్ మెక్లౌడ్ 1993లో ‘అండర్‌స్టాండింగ్ కామిక్స్’లో వివరించాడు. కంప్యూటర్ తెరకు పేజీ అంచు లేదు కాబట్టి కథను ఎటైనా, ఎంత దూరమైనా సాగనివ్వవచ్చని 2000లో మరో పుస్తకంలో వాదించాడు. 2004లో కొరియాలో నేవర్ సంస్థ మొదలుపెట్టిన వెబ్‌టూన్ వేదిక ఆ స్వేచ్ఛలో ఒక్క దిక్కునే తీసుకుంది: పై నుంచి కిందికి. బొటనవేలితో జరుపుతూ చదివే ఈ పద్ధతిలో ఖాళీ ఎంత పొడుగైతే కాలం అంత నడిచినట్టు. తలుపు తట్టిన గడి తర్వాత నాలుగు వేళ్ళంత తెల్లదనం వదిలితే పాఠకుడు ఊపిరి బిగబడతాడు. ఆ పొడవు సరిపోయిందా, విసిగించిందా అన్నది విమర్శకులు తేల్చాల్సిన సంగతి.

తెలుగువారికి ఇది పరాయి పద్ధతి అనిపించనక్కరలేదు. తెలంగాణలోని చేర్యాలలో నకాశీ చిత్రకారులు వేసే పటాలు ఇలాగే నిలువుగా విప్పుతూ చూపించేవి. ఖద్దరు బట్టకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూత పెట్టి, గడులు గడులుగా కులపురాణాన్ని చిత్రిస్తారు. కథకులు ఊరూరా తిరిగి పటాన్ని విప్పుతూ కథ చెప్పేవారు. పోలిక ఇంతవరకే నిలుస్తుంది. పటాన్ని విప్పే వేగం కథకుడి చేతిలో ఉంటుంది. జనం ముఖాలు చూసి అతను ఒక గడి దగ్గర ఎక్కువసేపు ఆగగలడు. వెబ్‌కామిక్‌లో వేగం పాఠకుడి వేలికి దక్కింది, వివరించే కథకుడు మాయమయ్యాడు. మంచి సమీక్ష ఆ కథకుడు చేసిన పనిలో కొంతైనా చేయాలి: ఇక్కడ ఆగి చూడు, ఆ మూలన ఏముందో గమనించు అని చెప్పాలి.

బొమ్మ నైపుణ్యం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 2005లో మొదలైన ‘ఎక్స్‌కేసీడీ’ వెబ్‌కామిక్‌లో రాండల్ మన్రో గీసేది పుల్లల మనుషుల్నే. మన దేశంలో రచితా తనేజా ‘శానిటరీ ప్యానెల్స్’ కూడా అంతే. ఆ పుల్లబొమ్మల మీద 2020లో కోర్టు ధిక్కార వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గీత ముచ్చటగా ఉందా అన్నది కాదు, చెప్పదలచినదాన్ని మోసిందా అన్నదే కొలత.

నీళ్ళ రంగు, నోటి మాట

గోదావరి జిల్లా మనిషిని చూపించాలంటే ‘ఆయ్’ అనిపించి, వెనక నాలుగు కొబ్బరిచెట్లు పెడితే చాలనే అలవాటును సినిమా స్థిరపరిచింది. వెబ్‌కామిక్స్ గీసే యువతరం దాన్ని అలాగే తీసుకోకూడదు. ముక్తేశ్వరం పాఠకుడి తీర్పుకు ఇక్కడే విలువ. మోటారు సైకిళ్ళతో సహా జనం ఎక్కే పంటుకూ, చేపల వేటకు వెళ్ళే నావకూ తేడా అతనికి చెప్పాల్సిన పని లేదు. వరద రోజుల్లో గోదావరి ఎర్రనీళ్ళతో వస్తుంది, శీతకాలంలో తేటపడుతుంది. ఏడాది పొడవునా నదికి ఒకే నీలం పూసిన బొమ్మను చూసి, ఇందులో ఏ నెలా లేదు అని అతను చెప్పగలడు. కొబ్బరి దింపు తీసే మనిషి ఒళ్ళు ఎలా వంగుతుందో, లంకల్లో వరద వస్తే ముందుగా ఏం సర్దుకుంటారో, ఏ మాట ఏ ఇంట్లో ఏ వరస మనిషితో అంటారో అతనికి తెలుసు. ఇది విమర్శకు పక్కన పెట్టుకునే స్థానిక ముచ్చట కాదు. బొమ్మ నిజం చెప్పిందా లేదా అన్న అసలు పరీక్షే ఇది. నగరంలో కూర్చున్న సమీక్షకులు ఎంత చదివినా ఈ పరీక్ష పెట్టలేరు.

మాయమయ్యే పాఠం

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అయినా కామిక్ బుడగలో మాటలు బొమ్మలో భాగంగా అచ్చవుతాయి కాబట్టి వెతుకులాటకు సులువుగా చిక్కవు. పాత్ర పేరు కొట్టినా, గుర్తున్న సంభాషణ కొట్టినా ఆ గడి దొరకడం కష్టం. ఆ పైన, వేదికే మూతపడవచ్చు. ఎందరో వెబ్‌కామిక్స్ పెట్టుకున్న స్మాక్ జీవ్స్ 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. అసీం త్రివేది కార్టూన్ల వెబ్‌సైటును 2011 చివర్లో ఆపేశారు. ‘చందమామ’ 2007లో జియోడెసిక్ చేతికి వెళ్ళి, కొన్నేళ్ళకు అచ్చు ఆగిపోయినా, పాత సంచికలు ఇళ్ళల్లో బైండ్లుగా మిగిలాయి. అభిమానులు వాటిని స్కాన్ చేసి కాపాడారు. యాప్‌లో మాత్రమే వచ్చిన తెలుగు కథకు అలాంటి అటక లేదు.

కాబట్టి వెబ్‌కామిక్ సమీక్షకు తీర్పు చెప్పడం ఎంత ముఖ్యమో, నమోదు చేయడం అంతకన్నా ముఖ్యం. రాసినవారు, గీసినవారు, రంగులు వేసినవారు, తెలుగు చేసినవారు ఎవరో చెప్పాలి. అనువాదకుల పేరు ఎక్కడా కనబడకపోతే ఆ సంగతే రాయాలి. ఏ వేదిక మీద, ఏ తేదీన, ఎన్నో భాగం చదివారో ఉండాలి. కీలకమైన గడిని మాటల్లో వర్ణించి, అందులోని సంభాషణను ఒకటి రెండు వాక్యాల మేరకు టైపు చేసి ఉంచాలి. ధారావాహిక నడుస్తుండగానే రాయడానికి వెనకాడకూడదు. పూర్తయ్యాక రాద్దామనుకుంటే కథ ఉండకపోవచ్చు.

ఈ పని చేయడానికి చోట్లు లేకపోలేదు. 1998 నుంచి నడుస్తున్న వెబ్ పత్రిక ‘ఈమాట’ ఉంది. 2009లో పుస్తకాల కోసమే మొదలైన ‘పుస్తకం.నెట్’ ఉంది. రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు శాఖలు ఎం.ఏ. విద్యార్థులకు ఏటా ఒక్క వెబ్‌కామిక్‌నైనా సమీక్షాంశంగా ఇవ్వాలని కోరుతున్నాను. కోనసీమ పాఠకులకు నా విన్నపం వేరు: మీకు నచ్చిన భాగం చదివిన రోజే, గీసినవారి పేరు, తేదీ, భాగం సంఖ్య, అందులో నది ఏ రంగులో ఉందో రాసి ఏదో ఒక పత్రికకు పంపండి.