తోక రాలిన క్రియావిశేషణం

మన రోడ్ల మీద 'గో స్లో' అన్న బోర్డు చూసి అది తప్పు ఇంగ్లీషనీ, 'స్లోలీ' అని ఉండాలనీ అనేవాళ్లు చాలామంది. తెలుగులో 'గా' ఎలాగో ఇంగ్లీషులో 'లీ' అలాగని బళ్లో నేర్చుకున్నాం మరి. కానీ ఆ భాష చరిత్ర తిరగేస్తే న్యాయం బోర్డు పక్షానే ఉంది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో విశేషణం చివర 'ఎ' చేరిస్తే క్రియావిశేషణమయ్యేది. 'ఫ్యాస్ట్' అంటే గట్టి, 'ఫ్యాస్టె' అంటే గట్టిగా. వేగమన్న అర్థం తర్వాత వచ్చింది. గాఢనిద్రను 'ఫాస్ట్ అస్లీప్' అనడంలో ఆ పాత గట్టిదనమే మిగిలింది. 'లీ'కి మూలం 'లీచ్', అంటే దేహం, ఆకారం. చర్చి ఆవరణ ముంగిట శవపేటికను దించే 'లిచ్‌గేట్' పేరులో ఉన్నదీ అదే మాట. 'లీచ్' చేరితే విశేషణం, దానికి మళ్లీ 'ఎ' చేరి 'లీచె' అయితే క్రియావిశేషణం. మధ్యయుగం ముగిసేసరికి పదాంతంలోని 'ఎ' జనం నోట అరిగిపోయింది. దాంతో 'ఫ్యాస్టె' కాస్తా 'ఫాస్ట్'లో కలిసింది, 'లీచ్', 'లీచె' రెండూ 'లీ' అయ్యాయి. 'ఫ్రెండ్లీ' విశేషణమై కూర్చున్నదీ, 'స్లో' క్రియావిశేషణంగా నిలిచిందీ ఇందుకే.

మరి 'లీ' తప్పనిసరన్న పట్టుదల ఎక్కడిది? తర్వాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో వేసిన వ్యాకరణంలో, విశేషణాన్ని క్రియావిశేషణంగా వాడారని డ్రైడెన్, స్విఫ్ట్ వంటి పేరుమోసిన రచయితలనే తప్పుపట్టాడు. 1795లో లిండ్లీ ముర్రే రాసిన వ్యాకరణ పుస్తకం అటువంటి సూత్రాలను బడిపిల్లల దాకా చేర్చింది. 'లీ'ని లౌత్ కనిపెట్టలేదు, అది అప్పటికే వ్యాపిస్తోంది. ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన చేసిన పొరపాటల్లా పక్కనే బతికున్న పాత రూపాన్ని దోషమనడం.

'లీ' అనే గుర్తు లేకపోతే క్రియావిశేషణాన్ని పోల్చుకోవడమెలా అని అడగవచ్చు. తోక పోయినచోట ఆ పని స్థానం చేస్తుంది. 'ఫాస్ట్ ట్రైన్'లో నామవాచకం ముందున్న మాట, 'ట్రైన్ రన్స్ ఫాస్ట్'లో క్రియ వెనక్కి చేరి పరుగు తీరు చెబుతోంది. ఎక్కువ మాటలకు 'లీ' సూత్రం సరిపోతుంది కదా అంటే, సరిపోతుంది. సరిపోనిచోట మాత్రం అర్థాన్నే తిరగేస్తుంది. 'హార్డ్లీ' ఒకప్పుడు గట్టిగా, బలంగా అన్న అర్థమే ఇచ్చేది. అది క్రమంగా 'అంతంతమాత్రంగా', 'దాదాపు లేదు' వైపు జరిగిపోయింది, కష్టపడటం పొట్టి 'హార్డ్' దగ్గరే ఉండిపోయింది. 'గా'కి 'లీ' అన్న లెక్కతో తెలుగు విద్యార్థి 'హి హార్డ్లీ వర్క్స్' అని రాస్తే, కష్టపడి పనిచేసే మనిషి కాస్తా పని చేయనివాడైపోతాడు.